ఒక్క రింగు

ఫోన్ ఎత్తకుండానే కబురు తెప్పించుకునే ఉపాయం కనిపెట్టిన ఘనుణ్ణి నేను. నిండు నెలల అక్క వర్లిలో తానుండే చాల్, అంటే అద్దె గదుల మేడ, కింది నాణెం వేసే ఫోన్ నుంచి ఫోరస్ రోడ్‌లోని మా దుకాణానికి మోగించాలి. ఒక రింగైతే క్షేమం. రెండైతే నొప్పులొచ్చాయి, రమ్మని. నేను ఎత్తకపోతే అక్క వేసిన నాణెం తిరిగొచ్చి మిగులుతుంది.

ఆ రోజు ఒకే రింగు వినబడింది. క్షేమమే కదా అని నేను బేరంలో మునిగిపోయాను. రెండోది మా దుకాణంలో మోగకముందే లైను తెగిందట; అక్క చెవికి మాత్రం రెండూ వినబడ్డాయట. తమ్ముడు వస్తున్నాడని అక్క మళ్లీ పైకెక్కి తన గదిలో చాలాసేపు కాచుకుంది. చివరికి పక్కింటివాళ్లు ఆమెను మూడంతస్తులు మోసుకుంటూ దింపారు. బిడ్డ దక్కింది. అక్క మాత్రం నాతో మాట్లాడటం మానేసింది.

తర్వాత ఒకసారి రైల్లో ఎదుటి సీటాయన, తీగల్లేని ఫోన్లు రాబోతున్నాయన్నాడు. "పిలుపుకొక దారి, మాటకొక దారి ఉంటదన్నా. పిలుపు అందినంక, అందిందని ఆ ఫోనే జవాబిస్తది."

నేను నా కథంతా చెప్పి, "పాడు లైను నా కొంప ముంచింది!" అని తిట్టిపోశాను.

ఆయన బఠాణీలు నములుతూ అడిగాడు: "మరి రింగు అందిందని అక్కకు నువ్వేం జవాబిచ్చినవ్?"

నాకు ఒళ్లు మండింది. "నీ కామ్ నువ్వు చూస్కో భాయ్!" అన్నాను. గ్రాంట్ రోడ్‌లో దిగేదాకా ఆ మంట ఆయన మీదే అనుకున్నాను.

నిజం లెక్క చెప్పాలంటే, నా ఉపాయానికి మిగిలింది ఒక్క నాణెం. అదీ నాది కాదు, అక్కది.