ఆమె సగం చదివిన పుస్తకం

మా పక్క క్వార్టర్లో ఉండే ఆమె కాపురం నా నోటిమాట మీద నడుస్తోందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసేదాకా ఆమెను అనుమానించినంతగా నేను ఇంకెవరినీ అనుమానించలేదు. ఆ విషయంలో నాకు మొదటినుంచీ మంచి పేరే ఉంది. పాలు పలుచగా ఉంటే పాలామెను అనుమానించేదాన్ని, మా ఆయన నవ్వుతూ ఇంటికొస్తే మా ఆయనను అనుమానించేదాన్ని. ఈమె సంగతి వేరు. ఈమె పుస్తకాలు పట్టుకుని వచ్చింది.

రెండు ప్రాంతాలు ఒక్క రాష్ట్రమైన కొత్తలు. మా ఆయన బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి వచ్చే చెరుకు బండ్లను తూచే కాటా దగ్గర గుమాస్తా. మా పక్కింట్లోకి లేబరేటరీలో పనిచేసే కొత్త కెమిస్టు దిగాడు. కృష్ణా జిల్లా మనిషి, కొత్తగా పెళ్లయినవాడు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. పెరట్లో అది నా భుజం ఎత్తు. ఇంటి లోపల పైదాకా ఉన్నా, పెంకుల కింద జానెడు సందు వదిలేశారు. అటు తాలింపు వేస్తే ఇటు తుమ్ములు వచ్చేవి. ఇక మాటల సంగతి చెప్పేదేముంది.

నా చదువు ఉర్దూ చదువు. నిజామాబాద్‌లో నేను చదివిన బడిలో లెక్కలూ ఉర్దూలోనే, చరిత్రా ఉర్దూలోనే. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష, అంతే. అక్షరాలు తర్వాత నా అంతట నేనే బస్సు బోర్డులూ సినిమా పోస్టర్లూ చూసి కూడబలుక్కున్నాను. ఒత్తులు ఎదురైతే ఒళ్లు మండేది. రాష్ట్రం మారాక కోస్తా నుంచి వచ్చినవాళ్లు, "మీరు మాట్లాడేది తెలుగేనా అండీ?" అని నవ్వుతూ అడిగేవాళ్లు. నవ్వుతూ అడిగినా అడిగినట్టే కదా. పైగా ఆ వైపు వాళ్లందరూ చదువుకున్నవాళ్లేనని మా ఇళ్లలో గట్టి నమ్మకం. చదువు రాని కృష్ణా జిల్లా మనిషి ఉంటుందని మేమెవరమూ ఊహించి ఎరగం.

అందుకే ఆమె ఒక పొద్దున నవల పట్టుకుని గోడ దగ్గరికి వస్తే, నాకు అది పరీక్షలాగే కనిపించింది.

"అక్కయ్యగారూ, ఇది మావారు తెచ్చారండి. చాలా బాగుంటుందట. చదివి ఎలా ఉందో చెప్పరూ?"

"నువ్వు సదివినవా?" అన్నాను.

"నాకు వంటపని ఉందండి. ముందు మీరు చదవండి."

వంటపనట! ఇద్దరు మనుషుల వంట. నాకు తెలుగు ఎంత వచ్చో చూసి, నలుగురిలో చెప్పుకుని నవ్వడానికేనని నిశ్చయించుకున్నాను. చదవలేనని అనడం నా వంటికి పడదు. వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, మధ్యాహ్నాలన్నీ దానికే ధారపోసి చదివాను. తీరా చూస్తే అందులో ఉన్నది నోటి దురుసు పెద్దకోడలు. ఇది ఎవరిని ఉద్దేశించి ఇచ్చిందో అర్థం కానంత అమాయకురాలినా నేను? రెండో పుస్తకం ఇంకా ఘోరం. అందులో ఇల్లాలు మొగుణ్ని ఊరికే అనుమానిస్తుంటుంది. కథ చెబితే మా ఆయన పడీ పడీ నవ్వి, "గిది నిన్ను సూసే రాసినట్టున్నరే," అన్నాడు. పక్కింటామెతో కలిసి ఈయన కూడా ఏదో అనుకున్నాడేమోనని ఆ వారమంతా ఆయన మీద కూడా ఒక కన్ను వేసి ఉంచాను.

కానీ ఆమె ఎగతాళి చేసే మనిషిలా అడిగేది కాదు. నేను గోడ దగ్గరికి వస్తే చాలు, చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చేది. "తర్వాత ఏమైందండీ? ఆవిడేమంది? మీకెవరు నచ్చారు? ఎందుకు నచ్చారు?" అని కథ మొత్తం లాగేది. నేనూ తక్కువ తినలేదు. పరీక్ష పెడితే పెట్టింది, జవాబు గట్టిగానే చెబుదామని నా అభిప్రాయాలన్నీ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేదాన్ని.

మూడో నవలలో మళ్లీ ఒక నోరున్న పెద్దకోడలే వచ్చింది. "గా పెద్దకోడలు తప్పేం లేదు. ఇంట్ల ఒక్కరన్న నోరు తెరువకుంటె గది మూగోళ్ల ఇల్లయితది," అన్నాను. ఆమె నా మొహం చూస్తూ పెదవులు కదిపింది. నా యాసను వెక్కిరిస్తోందనుకున్నాను.

అదే రోజు సాయంత్రం వంటింట్లో బియ్యం చెరుగుతుంటే పైసందులోంచి అటువైపు మాటలు వినపడ్డాయి.

"ఆ నవల అయిపోయిందా? ఎలా ఉంది?" అని అతను అడిగాడు.

"పెద్దకోడలి తప్పేం లేదండి," అంది ఆమె. "ఇంట్లో ఒక్కరైనా నోరు తెరవకపోతే అది మూగవాళ్ల ఇల్లయిపోతుంది."

"భలే చెప్పావే! అందుకే చదువుకున్న పిల్లనే చేసుకుంటానని పట్టుబట్టాను."

నా చేట నా చేతిలోనే ఆగిపోయింది. నా మాటలు! ఉతికి, ఇస్త్రీ చేసి, తన భాషలో మడతపెట్టి మొగుడికిచ్చి మెప్పు కొట్టేస్తోంది. మా ఆయన రాగానే చెప్పాను. "నా మాటలు ఎత్తుకపోతున్నది," అంటే ఆయన చెప్పులు విప్పుతూ, "మాటలే గద, గిన్నెలు గాదు గద," అన్నాడు. ఈయనకు ఏదీ పట్టదు.

ఆ మర్నాటి నుంచి నా నోటికి తాళం వేశాను. ఇంకో పుస్తకం ఇచ్చింది. చదివి, "మంచిగుంది," అన్నాను.

"మంచిగా అంటే ఎలాగండీ?"

"మంచిగుంటె మంచిగుందంటరు. ఇంకేమంటరు?"

ఆమె మొహం వాడిపోయింది. సాయంత్రం అతను అడిగితే, "బాగుందండి," అంది. బాగుందంటే ఏమిటని అతను మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే మాట అంది. "ఈమధ్య నీ ధ్యాస ఎక్కడుంటోందో," అన్నాడు. కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగా అనిపించింది. పొద్దున్నే ఆమె ఉబ్బిన కళ్లతో, గిన్నెడు గోంగూర పచ్చడితో వచ్చింది. "కాస్త వివరంగా చెప్పండి అక్కయ్యగారూ, మీ పుణ్యముంటుంది," అంది. పచ్చడి పెట్టి మాటలు కొనుక్కుంటోందా అని ఆ పచ్చడిని కూడా అనుమానించాను. పచ్చడి మాత్రం బాగుంది. దాని మర్యాద కోసం నాలుగు మాటలు చెప్పాను.

అప్పుడే ఒక పొరపాటు జరిగింది. చేతి మరకలు అంటకుండా ఏ పుస్తకానికైనా ముందు అట్ట వేయడం నా అలవాటు. మా ఇంటికి వచ్చేది ఉర్దూ పేపరు, కాబట్టి తెలుగు పుస్తకమైనా ఉర్దూ పుస్తకమైనా మా ఇంట్లో ఒకే బట్టలు కట్టుకునేవి. ఒక పొద్దున ఆమె గోడ దగ్గర నిలబడి పుస్తకం తిరిగివ్వమంది. లోపల పాలు పొంగుతున్నాయి. గూట్లోంచి చేతికందింది తీసి గోడ మీద పెట్టి పరుగెత్తాను.

మర్నాడు మధ్యాహ్నం గోడ దగ్గర బట్టలు ఆరేస్తుంటే ఆమే పలకరించింది. "మీరు అంత బాగా చెప్పాక, నేనూ మొదటినుంచీ చదువుతున్నానండీ. సగం దాకా వచ్చాను. అచ్చం మీరన్నట్టే ఉంది."

సరేనని లోపలికి వచ్చి, గూడు దులుపుదామని చెయ్యి పెడితే ఆ నవల అక్కడే ఉంది. అట్ట విప్పి చూశాను. అదే నవల. నా గూట్లో ఉన్న పుస్తకాన్ని ఆమె సగం చదివిందట! నేను గోడ మీద పెట్టింది మా అన్న ఇచ్చిన ఉర్దూ కథల పుస్తకం.

అప్పుడు కూడా నా బుద్ధి ఎటు పోయిందో చూడండి. ఈమెకు ఉర్దూ వచ్చా అని అనుమానం పట్టుకుంది. పక్కవాళ్లకు తెలియకూడనివన్నీ మా ఆయనా నేనూ ఉర్దూలోనే మాట్లాడుకునేవాళ్లం. అందులో సగం ఆమె గురించే. మళ్లీ పెరట్లోకి పోయి పిలిచాను.

"చెల్లె, నీకు ఉర్దూ వస్తదా?"

"రాదండి. ఎందుకు?"

"మరి నువ్వు సదివిన సగం ఏ భాషల ఉన్నది?"

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. నా చేతిలో ఉన్న నవల చూశాక అర్థమైంది. గోడను రెండు చేతులతో పట్టుకుంది.

"నాకు అక్షరం ముక్క రాదండి," అంది. "తెలుగూ రాదు. మా వైపు పెళ్లిళ్ల పేరయ్య హైస్కూలు చదివిందని చెప్పి ఒప్పించాడు. మావాళ్లు ఊరుకున్నారు. ఈయనకి తెలిస్తే పుట్టింట్లో దింపేసి వస్తారు. మీరు చెప్పింది పొయ్యి దగ్గర మళ్లీ మళ్లీ అనుకుని ఆయనకి అప్పజెబుతున్నానండి."

పెదవులు కదిపింది అందుకన్నమాట. వెక్కిరింత కాదు, వల్లెవేయడం. నాకు కోపం రావాలి. రాలేదు. నేను "మంచిగుంది" అని ఊరుకున్న రోజు ఆమె ఆ కుర్చీ ముందు ఎట్లా నిలబడిందో తలచుకుంటే ఇప్పటికీ బాధే.

"పుస్తకం ఏడున్నది?"

"ఆయన కుర్చీ పక్కనండి. డ్యూటీ నుంచి రాగానే కనబడాలని..."

మాట పూర్తి కాకముందే ఫ్యాక్టరీ సైరన్ మోగింది. ఆ రోజు అతనికి పొద్దుటి షిఫ్టు, ఈ సైరన్‌తో దిగిపోతాడు. ఆమె లోపలికి పరుగెత్తింది. నేను నవలను కొంగులో దాచుకుని వీధి వైపు నుంచి చుట్టి వెళ్లాను. వాళ్లింట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పొయ్యి మీద ఏదో మాడుతుంటే ఆమె ముందు అటు పోయినట్టుంది. నేను వెళ్లేసరికి అతను కుర్చీ పక్కన నిలబడి ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఆమె గోడకు ఆనుకుని ఉంది.

"ఇది ఉర్దూ కదా," అంటున్నాడు. "నిన్న సాయంత్రమంతా నువ్వు పట్టుకుని కూర్చుంది ఇదేనా?"

"నాదే అన్నా, నేనే ఇచ్చిన," అన్నాను గడపలోంచే.

"ఉర్దూ పుస్తకం ఈవిడకెందుకండీ?"

"నేర్సుకోనీకె. గీ ఊర్ల ఉండాలంటె ఉర్దూ రాకుంటె ఎట్ల? ముందు కండ్లకు అలవాటు గావాలని రోజింత సేపు సూడుమన్న."

"నాతో చెప్పలేదే."

"ఆడోళ్లం ఏం నేర్సుకుంటున్నమో మీకు దండోరా ఎయ్యాల్నా?"

అతను నన్నూ చూశాడు, ఆమెనూ చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. రోజూ అద్దంలో చూసేదే. "ఏదీ, ఇంతవరకు ఏం వచ్చిందో చదవమనండి," అన్నాడు.

"సూసుడు అయింది, సదువుడు ఇయ్యాల్నే మొదలు. కూసో చెల్లె," అని చాప మీద కూర్చున్నాను. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. పుస్తకం అతని చేతిలోంచి తీసుకుని కుడివైపు నుంచి తెరిచి, నిలువు గీత ఒకటి చూపించాను. "అలిఫ్."

"అలిఫ్," అంది. గీత మీద వేలు పెట్టింది. ఇంకో అక్షరం చూపించాను. అదీ చెప్పింది. అతను కాసేపు నిలబడి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. పెరట్లోంచే, "కాస్త నాకూ నేర్పండి, మా ఫోర్‌మన్ తిడుతున్నాడో పొగుడుతున్నాడో తెలియడం లేదు," అన్నాడు. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను విడిపించుకోలేదు.

ఆడిన అబద్ధానికి కట్టుబడాలి కదా. సాయంత్రాలు అతని కళ్ల ముందు ఉర్దూ చెప్పేదాన్ని. పొద్దున అతను డ్యూటీకి పోయాక, గోడ దగ్గర తెలుగు. చెరుకు ఆడే సీజన్‌లో ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి మసి రాలి, గోడ మీద నల్లగా పరుచుకునేది. ఆరేసిన బట్టలు పాడవుతాయని దాన్ని నోరారా తిట్టేదాన్ని. ఆ యేడు మాత్రం అదే మాకు పలక అయింది. వేలితో రాసి, చూసి, అరచేత్తో తుడిచేసేవాళ్లం. నాకు కొరుకుడు పడని ఒత్తులు కూడా ఆమెకు చెప్పబోయి నేనూ నేర్చుకున్నాను. మధ్యలో పుస్తకాలు ఆగలేదు. నేను చదివి అభిప్రాయం చెప్పడం, ఆమె వల్లెవేసి అప్పజెప్పడం మామూలే. ఇప్పుడు బుద్ధిపూర్వకంగా, కాస్త ఆమె నోటికి తగ్గట్టు చెప్పేదాన్ని. అతనికి ఎప్పుడు అనుమానం వస్తుందోనని ప్రతి సాయంత్రం ఆ సందు కింద చెవి పెట్టి నిలబడేదాన్ని.

సీజన్ అయిపోయి, వానలు పడి, గోడ మీద మసి కొట్టుకుపోయింది. అప్పుడొక నవల తెచ్చాడు. అలిగి పుట్టింటికి పోయిన పిల్ల చివరికి అత్తగారింటికి తిరిగి వస్తుంది. నాకు భలే నచ్చింది. "తిరిగచ్చి మంచి పని చేసింది, కాపురం నిలబెట్టుకున్నది," అని ఆమెకు చెప్పాను. సరేనండి అంది. పుస్తకం మాత్రం తిరిగివ్వమని తొందరపెట్టి పట్టుకుపోయింది.

ఒకటి రెండు రోజులు పోయాక సాయంత్రం అతను అడిగాడు. నేను సందు కిందే ఉన్నాను.

"ముగింపు నాకు నచ్చలేదండి," అంది ఆమె.

నేను ఉలిక్కిపడ్డాను.

"తిరిగొచ్చిందని అందరూ సంతోషపడ్డారు. ఆ పిల్ల ఎంత భయపడుతూ వచ్చిందో ఒక్కరూ అడగలేదు. గడప దాటేటప్పుడు మొగుడి మొహం చూసి కాళ్లు ఆగిపోయాయని రాశారు కదండీ. భయపడుతూ వచ్చిన మనిషి వచ్చినట్టు ఎలా అవుతుంది?"

అవతల పేజీలు తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత అతను నెమ్మదిగా, "పక్కింటావిడేమంది?" అన్నాడు.

"ఆవిడకి బాగా నచ్చిందట. నాకు నచ్చలేదు."

ఈ మాటలు ఈమెకు ఎవరు చెప్పారా అని నాకు ముందు అనుమానమే వచ్చింది. వాళ్లింటికి ఇంకో వైపు ఉన్నది ఖాళీ స్థలం, ఒక బోరింగు. గోడకు ఇవతల ఉన్నది నేనొక్కదాన్నే. నేను చెప్పలేదు. మొగుడి మొహం చూసి కాళ్లు ఆగిపోవడం నేను ఆమెకు చెప్పనే లేదు. అది పుస్తకంలో ఉంది.

ఇంత కష్టపడి నేర్పింది నా మాట కాదనడానికా అని ఒళ్లు మండింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. తెల్లారగానే గోడ దగ్గరికి పోయి, ఆ పిల్ల తిరిగి రావడం మంచిదేనని ఆమెతో గట్టిగా కొట్లాడాను. ఆమె ఒప్పుకోలేదు.