ఓడ ఎక్కించిన చెమ్మ

మా చిన్నప్పుడు... అమ్మకి ముద్దు పెడితే చెంప ఉప్పగా తగిలేది. ఎండు నెత్తళ్ళ ఉప్పు అది.

మాది సముద్రం ఒడ్డున యారాడ. నాన్న వేటకి వెళ్ళేవాడు. అమ్మ నెత్తళ్ళు ఇసుక మీద ఎండబెట్టి, కొండ దాటి మల్కాపురం బజారులో అమ్మేది. చేపలు ఎండాయో లేదో తెలుసుకోవడానికి ఆవిడ దగ్గర ఒకటే పద్ధతి... గుప్పెడు తీసి చెంపకి ఆనించుకోవడం. చల్లగా తగిలిందా, మళ్ళీ ఎండలోకి.

"తడి సేతికి తెలిసిపోద్దే. సెమ్మ తెలవాలంటే సెంపకి పెట్టి సూడాల" అనేది. చెమ్మ ఉండగా బుట్టకెత్తితే రెండు రోజుల్లో పురుగు... బజారులో పరువు పోతుంది.

ఆరో తరగతికి నేనూ కొండ దాటాను, మల్కాపురం హైస్కూలుకి. అన్ని పాఠాలూ బాగానే ఉండేవి గానీ, ఇంగ్లీషు పీరియడ్ అంటేనే భయం. వెనక బెంచీలో తల దించుకుని కూర్చునేదాన్ని.

ఆ వానాకాలం బళ్ళో ఒక కబురు చెప్పారు. పోర్టులో ఆగిన ఓడని చూపిస్తారట, పైకి ఎక్కిస్తారట. కానీ బస్సు ఒకటే. అందుకని ఇంగ్లీషు మేడం రోజూ కొన్ని మాటలు అడుగుతారు, అర్థమూ వాక్యమూ చెప్పినవాళ్ళ పేర్లే లిస్టులోకి.

మీకెలా చెప్పను... మా ఒడ్డు నుంచి చూస్తే ఓడలు దూరంగా అగ్గిపెట్టెల్లా కనిపించేవి. బుద్ధి తెలిసినప్పటి నుంచీ వాటి పైన ఏముంటుందో చూడాలని నా పిచ్చి. మా ఇంట్లో ఎవరూ ఎక్కలేదు. నాన్న పడవ వాటి దగ్గరదాకా వెళ్ళేది, అంతే. ఆ లిస్టులో నా పేరు లేకపోతే అన్నం కూడా సహించదనిపించింది.

మూడు రోజులు లేచి నిలబడ్డాను, మూడు రోజులూ నోరు పెగల్లేదు. నాలుగో రోజుకి ఒక్క సీటే మిగిలింది.

ఆ రోజు మేడం అడిగిన మాట... డాంప్.

మా క్లాసు లీడర్ లేచి "తడి మేడం" అన్నాడు. అది వెట్, కూర్చో అన్నారు. ఇంకొకమ్మాయి "వాన" అంది. మేడం నవ్వి, "పూర్తిగా తడి కాదు, పూర్తిగా పొడీ కాదు. పైకి ఆరిపోయినట్టే ఉంటుంది, ఆరదు. దాన్ని తెలుగులో ఏమంటారు?" అన్నారు.

అది చేపల సంగతి కదా... నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. "సెమ్మండి."

క్లాసంతా వెనక్కి తిరిగింది. మేడం నన్ను ముందుకు పిలిచారు. "తడికీ చెమ్మకీ తేడా ఎలా తెలుస్తుంది? చూపించు."

ఎలా చూపించాలి? నాకు తెలిసింది ఒకటే. పొద్దున్న వానలో తడిసి వచ్చారు అందరూ. మొదటి బెంచీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి చొక్కా చేయి పట్టుకుని చెంపకి ఆనించుకుంటూ పోయాను. "ఈడిది తడి... దీనిదీ తడే... ఈడిది సెమ్మ..." పిల్లలు కిసకిసలు. మేడం కూడా సరదాగా కొంగు చాపారు. నేను మాత్రం సరదాకి కాదు, శ్రద్ధగానే చూశాను.

"మీది సెమ్మే మేడం. ఇంకో పూట ఎండాల. ఇలాగే బుట్టకెత్తేత్తే పురుగు పట్టేత్తారు."

 క్లాసు పగలబడి నవ్వింది. నా పని అయిపోయిందనుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మేడం అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

"అర్థం వచ్చింది. మరి వాక్యం?"

ధైర్యం వచ్చేసింది కదా... "మండే ఫిష్ వెట్. ట్యూస్‌డే ఫిష్ డాంప్. వెన్స్‌డే ఫిష్ మల్కాపురం."

నా పేరు రాసేశారు.

ఓడ ఎక్కాం. ఇనప మెట్లు ఎక్కుతున్నంతసేపూ నవ్వు ఆగలేదు. పైన ఒక పెద్దాయన అందరికీ బిస్కెట్లు పంచాడు. అక్కణ్ణుంచి యారాడ కొండ అటు వైపు నుంచి కనిపించింది. మా ఇల్లు దాని వెనకాల. వినపడదని తెలిసినా "అమ్మా" అని గట్టిగా కేకేశాను.

ఇంటికెళ్ళి సాయంత్రమంతా ఓడ గురించే చెప్పాను. అమ్మ అన్నీ విని ఒక్కటే అడిగింది.

"నిన్ను ఓడెక్కించిన ముక్కేటే?"

"డాంప్."

"డాంపు... డాంపు..." నాలుగుసార్లు అనుకుంది. మర్నాడు మల్కాపురం బజారులో బుట్ట దించి, "సూసుకోండమ్మా, డాంపు నేదు" అని మొదలుపెట్టింది. కొనేవాళ్ళు నవ్వుకుంటూ కొన్నారు. నెల తిరిగేసరికి మా వీధి ఆడవాళ్ళందరి నోటా అదే మాట.

ఇప్పుడు నేను గాజువాకలో ఉంటున్నాను. పోయిన వారం అమ్మ వచ్చింది. వంటింట్లో మా అమ్మాయి, "అమ్మా, ఉప్పు డాంప్ అయిపోయింది" అంది.

"చెమ్మ పట్టింది అనాలే" అన్నాను.

"చెమ్మంటే ఏంటి?"

నేను నోరు తెరిచేలోగా అమ్మ చెప్పేసింది. "డాంపేనే గుంటా."

ముగ్గురం పడీపడీ నవ్వుకున్నాం. నవ్వయ్యాక మాత్రం మనసుకి ఏదోలా అయింది. ఆ మాటని కొండ దాటించి ఇంటికి తెచ్చింది నేనే కదా... ఓడ ఎక్కినందుకు ఇప్పటికీ సంతోషమే. కానీ అమ్మ నోట "సెమ్మ" అని విని ఎన్నేళ్ళయిందో గుర్తు రావడం లేదు.

మీ ఇళ్ళల్లో కూడా చెప్పకుండా వెళ్ళిపోయిన మాటలు ఉండే ఉంటాయి. గుర్తొస్తే కింద రాయండి... అమ్మ ఇంకా ఇక్కడే ఉంది, పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ పైకి చదివి వినిపిస్తాను.