రెండో భాగంలో లేని మాట

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి లాప్‌టాప్‌లో ఏదో పాత ఇంగ్లీషు సినిమా పెట్టుకుని చూస్తోంది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. కాసేపటికి నా చేతులు ఆగిపోయాయి. అది మా సినిమా. ఆకాశంలో తప్పిపోయిన ఓడ కథ, అందులోనూ రెండో భాగం. "ఇంత నాసిరకం సినిమా ఆ రోజుల్లో ఎవరు చూసి ఉంటారమ్మా?" అంది అమ్మాయి. నేను ఒక చోటు కోసం కాచుకుని కూర్చున్నాను. ఇంటర్వెల్‌కు కాస్త ముందు, ఓడలో ఒంటరిగా మిగిలిన నాయిక కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి, రేడియోలో ఒక మాట అంటుంది. ఆ చోటు వచ్చింది. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. వెనక తలుపు సరిగ్గా పడిందో లేదో చూసి చెప్పండి అంటోందట ఆమె. అంతే. అక్కడ ఆమె వేరే మాట అంటుందని ముప్పై అయిదేళ్ల కిందట ఒక మనిషికి నేను చెప్పాను. ఆ మనిషి నమ్మింది.

తొంభైల మొదట్లో మేం చిక్కడపల్లిలో ఒక మేడ పైభాగంలో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న ఉద్యోగరీత్యా కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం. కింద ఇంటివాళ్లు, తరతరాలుగా ఆ వీధివాళ్లే. వాళ్ల పెద్దమ్మాయిని నేను అక్కా అనేదాన్ని. నాకు పదిహేడు, అక్కకు ఇరవై ఎనిమిది. చిన్నప్పుడు వచ్చిన ఏదో జ్వరం అక్క గుండెను పాడుచేసి పోయింది. అందుకే పెళ్లి మాట ఎవరూ ఎత్తేవారు కాదు. "మా పిల్ల గుండె జర నాజూకు" అని వాళ్లమ్మ అందరితో చెప్పేది, ఇంట్లో ఉన్న పింగాణీ సామాను గురించి చెప్పినట్టు. అక్క మాత్రం ఆ సంగతి తనది కానట్టే నడిచేది. నారాయణగూడలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలకు వచ్చేవాళ్లకు నేర్పేది. కాగితం వైపు చూడకుండా వాన కురిసినట్టు ఇంగ్లీషు కొట్టేది. కానీ చదువు తెలుగు మీడియం. "అక్షరాలన్ని నా వేళ్లకెల్లి పోతయే, లోపలికి ఒక్కటి రాదు" అని తనే నవ్వేది.

అటువంటి అక్కకు ఇంగ్లీషు సినిమాల పిచ్చి. అందులోనూ ఆకాశం, నక్షత్రాలు, ఓడలు ఉండాలి. ఎందుకక్కా అంటే, "ఆడ బరువుండదంట కదనే. మెట్లు ఎక్కుడుండదు, దిగుడుండదు" అనేది. చౌరస్తా దగ్గరి థియేటర్లలో ఉదయం ఆటకు ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. నేను కాన్వెంటులో చదివాను కాబట్టి నా పని తర్జుమా. బాల్కనీ మెట్లు మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కి, కుర్చీలో కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాక అక్క తల నావైపు వంచేది. కొబ్బరినూనె వాసన, మల్లెపూల వాసన, చీకట్లో ఆ చెవి. "ఏమన్నడే?" అని మొదలయ్యేది. నేను గుసగుసగా చెబుతూ ఉండేదాన్ని. ఇప్పుడు ఒప్పుకోవాలి. మా కాన్వెంటు సిస్టర్లు మాట్లాడే ఇంగ్లీషు వేరు, ఆ సినిమాల్లో నమిలి మింగే ఇంగ్లీషు వేరు. నాకు సగం అర్థమయ్యేది కాదు. అర్థం కాలేదంటే నా పరువు పోతుంది. కాబట్టి అర్థం కానిచోట్ల మనిషి ముఖం చూసి, సందర్భం చూసి, నేనే ఒక మాట అల్లేదాన్ని.

ఆ ఓడ సినిమా మొదటి భాగాన్ని ఊరంతా మెచ్చుకుంది. రెండేళ్లకు రెండో భాగం వచ్చింది. మొదటి ఆటకే జనం ఈలలు వేశారు, మెచ్చుకుని కాదు. ఓడకు కట్టిన తీగలు కనబడుతున్నాయి. దుష్టుడు ఎందుకు చచ్చాడో వాడికే తెలియదు. అన్నిటికన్నా ఘోరం, నాయిక మారిపోయింది. మొదటి భాగంలో వేసినామె బదులు ఇంకెవరినో పెట్టారు, దాని గురించి సినిమాలో ఒక్క ముక్క లేదు. ఇంటర్వెల్ దగ్గరపడేసరికి నేను నిరుత్సాహంగా కూర్చున్నాను. అప్పుడే నాయిక అద్దానికి చెయ్యి ఆనించి ఏదో గొణిగింది. నాకు ఒక్క పదం అందలేదు. "ఏమన్నదే?" అంది అక్క. వారపత్రికల్లో కవితలు చదివి నోట్‌బుక్కులో ఎక్కించుకునే వయసు నాది. వెంటనే అనేశాను: "దారి మరిచిపోయినా ఫరవాలేదు. నన్ను మరిచిపోనివాళ్లు ఒక్కరున్నా, అదే నాకు దారి."  తెరమీద వెలుగు మారినప్పుడు చూస్తే, అక్క కళ్లు తుడుచుకుంటోంది.

ఆ రోజు నుంచి అక్క రెండో భాగానికి వకీలు అయిపోయింది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇద్దరు ఆడపిల్లల్ని తన పక్షానికి లాగింది. సాయంత్రాలు అక్కడికే టైపు నేర్చుకోవడానికి వెళ్లే నాతో కలిపి నలుగురం. మిషన్ల టకటకల మధ్య వాదనలు జరిగేవి. నాయిక ముఖం మారిందేమిటని ఎవరైనా అంటే, "అన్నేండ్లు ఆకాశంల తిరిగినంక మొఖం మారదా? మా మేనబావ రెండేండ్లు దుబాయిల ఉండొస్తేనే ఎవ్వరు గుర్తుపట్టలే" అనేది. తీగలు కనిపిస్తున్నాయంటే, "నువ్వు ఓడను చూడక తీగల దిక్కు ఎందుకు చూసినవ్?" అనేది.  చివరికి ఎదుటివాళ్లు ఎంతకీ లొంగకపోతే ఆ మాట తీసేది. "ఆమె అద్దం కాడ అన్న మాట విన్నవా? గా ఒక్క మాట కోసం తీసిన్రు సినిమా అంత." నేను పక్కన తలూపుతూ ఉండేదాన్ని. మొదట్లో గర్వంగానే ఉండేది. పోనుపోను, అక్క ఆ మాట ఎత్తగానే మిషన్‌లో కాగితం సర్దే నెపంతో తల వంచుకునేదాన్ని. చెప్పేద్దామనుకునేదాన్ని. చెబితే సినిమా పోతుంది, నా ఇంగ్లీషు పోతుంది. రేపు చెబుదాంలే అనుకునేదాన్ని.

అశోక్ నగర్‌లో ఒక లెక్చరర్ గారు ఉండేవారు. నెలకో ఆదివారం బాగ్ లింగంపల్లిలో ఒక చిన్న హాలు తీసుకుని సినిమాల మీద చర్చలు పెట్టేవారు. ఆ నెల రెండో భాగాల మీద చర్చ, సాధారణంగా అవి ఎందుకు చెడిపోతాయని. అక్క ఇస్త్రీ చీర కట్టుకుని నన్ను తీసుకుని వెళ్లింది. నలభై మందిలో ఆడవాళ్లం అయిదుగురం. లెక్చరర్ గారు మా సినిమాను ఒక్కొక్క తప్పూ చూపించి ఉతికి ఆరేశారు. అక్క లేచి నిలబడింది. ముఖం మార్పు గురించి చెప్పింది, జనం నవ్వారు, మంచి నవ్వే. తీగల గురించి చెప్పింది, ఒకాయన చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో అద్దం దగ్గరి మాట ఉన్నదున్నట్టు చెప్పింది. 

లెక్చరర్ గారు కళ్లద్దాలు తీశారు. చెడ్డమనిషి కాదు. "అమ్మా, నేను రెండుసార్లు చూశాను. నోట్సు కూడా రాసుకున్నాను. అలాంటి మాట సినిమాలో ఎక్కడా లేదండీ" అన్నారు మెల్లిగా.

"ఉన్నది సార్. మా పిల్ల విన్నది, ఇంగ్లీష్ మీడియం" అని అక్క నావైపు తిరిగింది. "చెప్పవే."

నలభై జతల కళ్లు. నేను లేచాను. నేనే అల్లానని అనొచ్చు. ఉందండీ, నేను విన్నాను అని అబద్ధమైనా ఆడొచ్చు. రెండింట్లో ఏదన్నా అక్క పక్షమే అయ్యేది. "నాకు గుర్తు లేదక్కా" అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నవ్వు అన్ని వరసలకూ పాకింది. అక్క ఒక్క క్షణం నన్ను చూసి, కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. చర్చ వేరే సినిమా మీదికి వెళ్లిపోయింది.

తిరిగి నడిచి వస్తుంటే నేను తలెత్తలేదు. బండి మీద జామకాయలు కనబడితే అక్క ఆగి ఒకటి కోయించి, ఉప్పుకారం పెట్టించి, పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది. "భయపడ్డవా? గంతమంది ముంగట నాక్కూడ కాళ్లు వణికినయ్" అంది. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. ఆ వారం చివర్లో సినిమా తీసేస్తున్నారని తెలిసింది. నేను కాలేజీలో ఉండగా, అక్క ఒక్కతే ఆఖరి ఆటకు వెళ్లివచ్చిందని వాళ్లమ్మ చెప్పింది. సాయంత్రం నేను కిందికి దిగేసరికి మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది, పెదాలు నల్లబడి ఉన్నాయి. "ఆ కాడికి వచ్చేసరికి సౌండ్ సాఫ్ రాలేదే. గరగర అన్నది. వినపడలే" అంది. థియేటర్‌లో సౌండ్ బాగానే ఉండేది.

మరుసటి ఎండాకాలం ఆపరేషన్ చెయ్యాలన్నారు. ముందురోజు మధ్యాహ్నం నేను ఆస్పత్రికి వెళ్లాను. ఆ రోజు చెప్పేద్దామనే వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. అక్క నీలంరంగు గౌనులో, జడ రెండు పాయలు చేసి, బడిపిల్లలా కనిపించింది. వాళ్లమ్మ ఫ్లాస్కు కడగడానికి బయటికి వెళ్లింది. "అక్కా, ఆ సినిమాలో మాట..." అని నేను మొదలుపెట్టాను.

"అదే అడుగుదామనుకున్న. మల్ల ఒక్కసారి చెప్పరాదు" అంది.

 చెప్పాను, సినిమాలో మాటనే చెబుతున్నట్టు. "దారి తెలియకపోయినా ఏం కాదు, నాకోసం చూసేవాళ్లుంటే..." అని మధ్యలో తడబడ్డాను. ఎప్పుడో థియేటర్ చీకట్లో అప్పటికప్పుడు అల్లిన మాట అది, నాకు సరిగ్గా జ్ఞాపకం లేదు.

"గట్ల కాదే" అంది అక్క. తన యాస వదిలిపెట్టి, నా యాసలో, నేను ఆ రోజు చీకట్లో పలికినట్టే పలికింది. "దారి మరిచిపోయినా ఫరవాలేదు. నన్ను మరిచిపోనివాళ్లు ఒక్కరున్నా, అదే నాకు దారి." తర్వాత నన్ను చాలాసేపు చూసి నవ్వింది. "నువ్వు చెప్పిన మాట నువ్వే మర్చిపోతే ఎట్లనే?"

ఇంతలో వాళ్లమ్మ వచ్చేసింది. నర్సు నన్ను బయటికి పొమ్మంది. మరునాడు ఆపరేషన్ గదిలోంచి అక్క తిరిగి రాలేదు.

నువ్వు చెప్పిన మాట. సినిమాలోది నువ్వు వినిపించిన మాట అనా, నువ్వే పుట్టించిన మాట అనా? ఆఖరి ఆటకు ఒంటరిగా ఆ మెట్లన్నీ ఎక్కి చెవులు రిక్కించుకుని కూర్చున్న మనిషికి ఆ రోజే తెలిసిపోయిందా? తెలిసీ సౌండ్ మీదికి నెట్టేసిందా? నిజంగానే వినపడలేదా? ఈ ప్రశ్నలతోనే నేను చదువు ముగించాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లను పెంచాను. ఇప్పటికీ థియేటర్‌లో దీపాలు ఆరగానే నా ఎడమ చెవి పక్క ఎవరో తల వంచినట్టు ఉంటుంది. ఆ పక్క కుర్చీ ఖాళీగా ఉంటే మరీ ఇబ్బంది. బ్యాగు అక్కడ పెడతాను.

అమ్మాయి లాప్‌టాప్ మూసేసి, "ఎందుకమ్మా అలా ఉన్నావు?" అంది. దానికి మొన్ననే ఇరవై ఎనిమిది నిండాయి. దానికి అక్క గురించి చెబుతూ అలవాటు కొద్దీ 'మా అక్క' అన్నాను గానీ, ఆమె ఇప్పుడు నా కూతురి ఈడుది. ఆమె వయసును నేను దాటిన రోజు ఒకటి ఉండే ఉంటుంది. ఆ రోజు నేను కూరలు కొంటున్నానో, బస్సు కోసం నిలబడ్డానో, ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.