ఇస్తారి సారు పేర్ల పట్టిక

ఇస్తారి సారుకు ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ పనిలోనైనా చెయ్యి వేసినవాళ్ల పేరు రాయకుండా ఉండలేరు. చెయ్యి వెయ్యకపోయినా, పక్కన నిలబడి గొంతు సవరించుకుంటే చాలు, పేరు ఎక్కుతుంది.

సిద్దిపేట జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పిన రోజుల్లో ఒకే ఒక్కసారి వార్షికోత్సవంలో వందన సమర్పణ ఆయనకు అప్పగించారు. గంటా పది నిమిషాలు పట్టింది. టెంటు వేసినవాళ్లు, గుంతలు తవ్వినవాళ్లు, గడ్డపార ఇచ్చినవాళ్లు అయ్యాక, ముఖ్య అతిథి మెల్లగా లేచి జారుకోబోతే, "చప్పుడు చెయ్యకుండ పోతున్నందుకు సార్‌కు గూడ ధన్యవాదాలు" అన్నారు.

రిటైరయ్యాక సారు కంప్యూటర్ పట్టారు. బిడ్డ పుట్టిన తేదీ ఇస్తే ఏ టీకా ఎప్పుడు వేయించాలో లెక్కగట్టే కోడు రాసి, ఇంటర్నెట్‌లో అందరికీ వదిలేశారు. ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ యాప్‌లో తగిలించుకోవచ్చు. తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు. సారు చూసి, బాగుంటే కలుపుతారు. ఇలాంటివి లోకంలో బోలెడున్నాయి. కానీ కోడు నాలుగు వందల వరుసలు, సాయం చేసినవాళ్ల పట్టిక తొమ్మిది వందల వరుసలు ఉన్నది బహుశా ఇదొక్కటే.

నారాయణరావుపేట నుంచి కూరగాయలు తెచ్చి సారు ఇంటి ముందు అమ్మే చంద్రవ్వ ఒకనాడు, "తారీఖు నాకెందుకయ్యా, వారం చెప్పు. బుధవారమా, శనివారమా?" అంది. కోడులో తేదీ పక్కన వారం వచ్చింది. పట్టికలో చంద్రవ్వ వచ్చింది. ఇంకో చోట లైన్‌మన్ సుధాకర్: "మార్పు కలిపే రోజు కరెంటు తియ్యలేదు." పుణె నుంచి ఎవరో ఈ పట్టిక దండగ, తీసేయండని రాస్తే సారు ఒప్పుకోలేదు గానీ ఆయన పేరూ ఎక్కించారు: "దండగ అంటూనే సగం దాకా చదివి రెండు అక్షరదోషాలు పట్టారు."

భవాని సారు దగ్గర చదువుకున్న పిల్లే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, కడుపుతో ఉన్నప్పుడు మానేసి సిద్దిపేట వచ్చింది. సాహితి పుట్టాక ఆమెకు భయాలూ పుట్టాయి. పాప తుమ్మితే భయం, పొద్దంతా తుమ్మకపోతే ఇంకా భయం. ఆరు వారాల టీకా నాడు పాపకు జ్వరమొచ్చి, టీకా రెండు వారాలు ఆలస్యమైంది. ఒక డోసుకూ ఇంకో డోసుకూ మధ్య నాలుగు వారాలైనా ఉండాలి. సారు కోడేమో తర్వాతి డోసుకు పాత తేదీనే చూపిస్తోంది. భవాని పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని పదకొండు వరుసలు దిద్ది పంపింది. సారు కలిపేశారు.

ఆ తర్వాత ఆమె ఒక్క వరుస కూడా రాయలేదు. ఫోన్లు మాత్రం చేసింది.

"సార్, గిది సరిగ్గనే చూపిస్తుందా? ఇంకోపారి చూస్తరా?"

"చూస్త బిడ్డా."

ఫోన్ పెట్టేశాక, పెద్దమనిషిని పీక్కుతింటున్నానని తనను తనే తిట్టుకునేది. మళ్లీ వారానికి ఫోన్ చేసేది.

సాహితికి రెండున్నరేళ్లు నిండాయి. ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం కోసం భవాని రెండు ఇంటర్వ్యూలు ఇచ్చింది. రెండింటిలోనూ ఒకటే ప్రశ్న: ఈ మూడేళ్లు ఏం చేశారు? పాపను పెంచానంటే, "అది సరే, పని?" అన్నారు. మూడో కంపెనీ, చేసిన పనేదైనా ఉంటే ముందే లింకు పంపమంది. ఇదీ పోతే నాలుగోదానికి ధైర్యం లేదు. చూపించడానికి ఉన్నవి ఆ పదకొండు వరుసలే. పట్టిక తెరిచి మొదటి పేజీ చూసింది. తన పేరు చంద్రవ్వకూ లైన్‌మన్‌కూ నడుమ ఇరుక్కుని ఉంది. మూసేసి, సారు ఇంటికి నడిచింది.

"సార్, కోడు రాసినోళ్లది ఒక పట్టిక, మిగతావాళ్లది ఒకటి పెట్టరాదు?"

"మిగతావాళ్లంటే ఎవరు?"

"గదే... సుధాకరన్న, చంద్రవ్వ..."

"సరే, చంద్రవ్వను తీసేద్దాం. పోయి ఆమెకు నువ్వే చెప్పు. గీడనే కూసున్నది."

భవాని చెప్పలేదు. అరకిలో వంకాయలు కొనుక్కుని ఇంటికొచ్చి, ఆ పట్టిక లింకే కంపెనీకి పంపేసింది.

ఇంటర్వ్యూ నాడు రాజశేఖర్ అనే ఆయన తెర మీద పట్టిక తెరిచి కూర్చున్నారు. కిందికి జరుపుకుంటూ చదువుతున్నారు. లైన్‌మన్ దగ్గరికి వచ్చినట్టున్నాడు, అయిపోయింది అనుకుంది భవాని.

"భవాని గారూ, ఇందులో మీ పేరు పదిహేడు చోట్ల ఉందే?"

"ఒక్కసారే కదండీ..."

ఆయన పైకి చదవసాగారు. "ఆగస్టు తొమ్మిది. భవాని. పుట్టిన తేదీ పొరపాటున రేపటిది వేసినా కోడు ఊరుకుంటోందని చెప్పింది. దిద్దాను. డిసెంబరు రెండు. భవాని. కవలల్లో ఒకరికి ఆలస్యమైతే రెండోవారి తేదీ కూడా మారుతుందా అని అడిగింది. మారుతోంది. దిద్దాను. మార్చి ఇరవై. భవాని చెప్పింది తప్పు. అది వెతుకుతుంటే అసలు తప్పు దొరికింది. దిద్దాను."

అన్నీ భవాని సిగ్గుపడ్డ ఫోన్లే.

"మూడేళ్ల ఖాళీ గురించి అడుగుదామనుకున్నాను," అన్నారు రాజశేఖర్. "అదెక్కడుందో కనబడటం లేదు."

మర్నాడు ఉద్యోగం ఖాయమని మెయిల్ వచ్చింది. భవాని మిఠాయి డబ్బా పట్టుకుని సారు ఇంటికి పరుగెత్తి, ఇంటర్వ్యూలో జరిగిందంతా చెప్పింది.

"పదిహేడుసార్లు రాసినట్టు ఒక్కనాడన్న చెప్పలేదేంది సార్?"

"రాసేటోని పని రాసుడు. చెప్పుడెందుకు?" సారు అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. "గాయన పేరేందన్నవు?"

"ఎవరి పేరు సార్?"

"నిన్ను ఇంటర్వ్యూ చేసినాయనది. ఇన్నేండ్లల్ల గీ పట్టికను ఆఖరిదాక చదివినోడు గాయనొక్కడే."

"రాజశేఖర్ అంట సార్."

సారు రాసుకుని, తల తిప్పకుండానే అడిగారు. "ఇంటిపేరు?"