ఏవిస్ ఎంచుకున్న పన్నెండు లైట్లు

నా పేరు సన్యాసిరావు. కంగారూల దేశంలో, హార్షమ్ అనే ఊళ్లో ఇరవై రెండేళ్లుగా కరెంటు పని చేస్తున్నాను. ఈ ఊరివాళ్లకు నోరు తిరగక మొదటి వారంలోనే నన్ను స్యాన్‌ని చేసేశారు. దానికి నాకు కోపం లేదు. నా కోపమంతా వాళ్ల ‘పర్లేదులే’ మీద. కాలు విరిగినా పర్లేదు, వానల్లేక గోధుమ ఎండిపోయినా పర్లేదు. ఈ విషయంలో ఏవిస్ పాస్కో అందరికంటే రెండాకులు ఎక్కువే చదివింది.

ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. పొగమంచులో కంగారూలు అడ్డంగా దూకే రోడ్ల మీద ఊరి పిల్లల్నందరినీ మోసింది. బస్సులో ఎవరైనా అల్లరి చేస్తే అద్దంలోంచి ఒక్క చూపు చూసేదట, అంతే, చివరి సీటు దాకా నిశ్శబ్దం. రిటైరయ్యాక కూడా బజార్లో ఆమె కనబడితే నలభై ఏళ్ల మగాళ్లు చొక్కా సర్దుకుంటారు.

ఆమె మొగుడు క్లెమ్‌కి కళ్లలో నడిమి చూపు పోతోంది. అంచుల్లో ఉన్నవి కాస్త కనిపిస్తాయి, నేరుగా చూసిందే మసకబారుతుంది. ఆరుబయట ఎండకు కళ్లు చెదిరిపోతాయి, ఇంట్లోనేమో చీకటి. ఈ చలికాలం దాటితే ఉన్నదీ ఉండదని డాక్టరమ్మ చెప్పేసింది. ఏవిస్ వంటగది పడగొట్టి కొత్తగా కట్టించింది వంట కోసం కాదు. యాభై ఏళ్లుగా ఎదురెదురుగా కూర్చుని టీ తాగిన ఆ గదిలో, క్లెమ్ తన ముఖాన్ని ఇంకొక్కసారి సరిగ్గా చూడాలని. ఈ సంగతి మీకు ముందే చెప్పేస్తున్నాను. నాకు మాత్రం ఆమె చివరిదాకా చెప్పలేదు.

సీలింగులో ఇమిడిపోయే ఎల్‌ఈడీ లైట్లు ఎంచుకోవడానికి నన్ను మూడుసార్లు లైట్ల కొట్టుకు తిప్పింది. అక్కడ నమూనాకి నలభై లైట్లు బిగించి ఉంటాయి. ఏవిస్ తల వెనక్కి వాల్చి ఒక్కొక్కదాన్నీ చూస్తూ నిలబడేది.

“మెడ పట్టేస్తుంది ఏవిస్. లైటు వంక చూడకండి. కింద చెయ్యి పెట్టి చేతిని చూడండి.”

“చేతిలో ఏముంది, ముడతలే కదా! అవి మాకు చీకట్లోనూ తెలుస్తాయి.”

ఆఖరికి అన్నింట్లోకీ తెల్లగా, చల్లగా ఉన్నదాన్ని చూపించింది. నాకు ఒళ్లు మండింది.

“ఇది శవాల గది వెలుతురండీ! కాస్త పసుపు ఛాయది తీసుకోండి. ఆరు చాలు.”

“ఇదే కావాలి. పన్నెండు. కంటి ఆస్పత్రిలో ఇలాంటివే ఉన్నాయి. వాటి కింద క్లెమ్ అక్షరాల పటంలో నాలుగు వరుసలు చదివాడు.”

ఆ మాట విని కూడా నాకు బుర్ర వెలగలేదు.

పనికి వెళ్లేసరికి ఆమె నిచ్చెనెక్కి, దారం పట్టి, సీలింగు మీద పెన్సిల్‌తో పన్నెండు గుర్తులు పెట్టేసింది. నడిచే దారికి సరిగ్గా నడిమధ్య, రెండు వరుసలు, బస్సు సీట్లలాగా.

“ఇక్కడ పెడితే వెలుతురు నడినెత్తిన పడుతుంది, మనిషి ముఖం చీకటవుతుంది,” అన్నాను. “కొన్ని వంటగట్టు అంచు మీదికి జరుపుతాను. అల్మారా కింద ఒక పట్టీ లైటు, గోడకి ముఖమంత ఎత్తులో ఒకటి వేస్తాను.”

“వరుస తప్పితే నాకు గిట్టదు.”

“అసలు ఇంత వెలుతురు ఎవరి కోసం?”

“ఎవరి కోసమేంటయ్యా? పర్లేదులే, నా కోసమే. నువ్వు కొయ్యి.”

నిజం చెప్పి ఉంటే నేను ఆ గుర్తుల మీద రంపం పెట్టేవాణ్నే కాదు. చెప్పలేదు. నేను మాత్రం ఊరుకున్నానా? “మీ ఇల్లు, మీ ఇష్టం,” అని విసురుగా అనేసి, పన్నెండు రంధ్రాలూ గుర్తుల మీదే కోసేశాను. ఇంకొక్కసారి మెత్తగా అడిగి ఉంటే చెప్పేదేమో. నా నోరు పడిపోను.

స్విచ్చి వేసే రోజు మధ్యాహ్నం క్లెమ్‌ని, వెలుతురు కనబడగానే లోపలికి రమ్మని చెప్పి, ముందువసారాలో కూర్చోబెట్టి వచ్చింది. ఎన్నడూ లేనిది పెదవులకు రంగు వేసుకుంది, తెల్ల గౌను తొడుక్కుంది. తెల్లటి అల్మారాల ముందు నిలబడి, గుసగుసగా అప్పుడు చెప్పింది, డాక్టరమ్మ మాట, చలికాలం సంగతి, అన్నీ.

“నువ్వు నోరెత్తకు స్యాన్. నేనూ మాట్లాడను. గొంతు విని పోల్చుకుంటే లాభం లేదు. క్లెమ్ తనంతట తానే చూడాలి.”

స్విచ్చి వేశాను. నేల మెరిసింది, గట్టు మెరిసింది. ఏవిస్ జుట్టు మెరిసింది. దాని కింద కళ్లు రెండు గుంటలు, ముక్కు కింద నల్లటి నీడ. పెదవుల మీది ఎరుపు కూడా నలుపే. నేను ఆమె వైపు ఒకడుగు వేశాను. “ఏవిస్, అక్కడ వద్దు, ఇటు…” అనేలోపే క్లెమ్ గోడ తడుముకుంటూ గుమ్మంలోకి వచ్చేశాడు.

నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “అబ్బో! ఇదేం వెలుతురురా నాయనా! గట్టు మీద చెంచా కూడా కనిపిస్తోంది.”

ఏవిస్ ముఖం అతని వైపు ఎత్తింది. క్లెమ్ నేరుగా ఆమెనే చూశాడు. చూపు ఒక క్షణం అక్కడే ఆగింది, తర్వాత అల్మారాల మీదికి పోయింది.

“స్యాన్, మా ఆవిడ ఏదయ్యా? నెల రోజులు నా ప్రాణం తీసి, తీరా వెలిగించేసరికి ఎక్కడికి పోయింది? కేకెయ్యి.”

నేను ఆమె వైపు చూశాను. ఏవిస్ నా వైపు తిరిగి వద్దన్నట్టు తలాడించింది. వంగి బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది. మేజోళ్లతో, అతని భుజానికి జానెడు దూరంలోంచి చప్పుడు కాకుండా పెరటి తలుపు దాటి వెళ్లింది. మెట్ల మీద కూర్చుని బూట్లు తొడుక్కోవడం కిటికీలోంచి నాకు కనిపించింది. ఈలోగా క్లెమ్ తనే ‘ఏవిస్!’ అని కేకలు పెట్టాడు.

తర్వాత పెరట్లోంచి గట్టిగా కేకేసింది. “వస్తున్నా, ఎందుకలా అరుస్తావ్? తీగ మీద ఆరేసిన బట్టలు తీస్తున్నా!”

బూట్లు టకటకలాడించుకుంటూ లోపలికి వచ్చింది.