మొగకుప్పంలో లేని దురాయి

ఉప్పులచ్చి పేరు వినని కుర్రకారు ఇప్పుడు నెల్లూరు జిల్లాలో లేరు. మైకు అందితే చాలు, ఊపిరి తీసుకోకుండా మాటలు కురిపించే ఆ పిల్ల ర్యాప్ పాటలు చెన్నై కాలేజీల్లోనూ, హైదరాబాదు హోటళ్ళలోనూ, ముత్తుకూరు ఆటోల్లోనూ సమాన గౌరవంతో మోగుతున్నాయి. ఆమెది 'విరామమెరుగని శైలి' అని విమర్శకులు తేల్చారు. ఒక ఆచార్యులవారు ఆ శైలి మీద సదస్సులో పత్రం చదివి, శాలువా కప్పించుకుని వెళ్ళారు. అది శైలి కాదు, భయం. ఆ సంగతి ఆచార్యులవారికి తెలియదు. పాటకీ పాటకీ మధ్య జనం ఒక్క క్షణం సద్దుమణిగితే ఉప్పులచ్చికి అరికాళ్ళు చల్లబడతాయి. అంతమంది మనుషులు తన ముందుండి నోరు మెదపకపోవడమనేది ఆమెకు పాముని చూసినట్టుంటుంది. అందుకే ఆ క్షణం రానివ్వదు.

అసలు పేరు ధనలక్ష్మి. కృష్ణపట్నానికి దక్షిణంగా, ఏరు సముద్రంలో కలిసే చోట మొగకుప్పం అని చేపలు పట్టేవాళ్ళ ఊరుంది. అక్కడ పుట్టింది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి పేరమ్మ ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని అమ్మి, కూతుర్ని పెంచింది.

మొగకుప్పంలో సర్పంచి ఉన్నాడు, సచివాలయం ఉంది, దాని మీద జెండా ఉంది. అవన్నీ ప్రభుత్వం తృప్తి కోసం. ఊరిని నడిపేది కాపులు. కాపులంటే ఇక్కడ కులం కాదు, ఊరి పెద్దలు. వాళ్ళ చేతిలో తుపాకీ లేదు, లాఠీ లేదు. దురాయి ఉంది. దురాయి పడ్డ మనిషితో ఊరు మాట్లాడదు. నిప్పు ఇవ్వదు, నీళ్ళు ఇవ్వదు, చేప అమ్మదు, కొనదు. జాలిపడి పలకరించినవాడికి కూడా అదే శిక్ష. ఒక్క దెబ్బ కొట్టకుండా మనిషిని కూర్చున్నచోట ఎండబెట్టే ఈ ఉపాయాన్ని కనిపెట్టిన పూర్వీకుడెవరో గాని, చేపల్ని ఎండబెట్టి ఎండబెట్టి తెలివి మీరినవాడై ఉండాలి.

ధనలక్ష్మి బడికెళ్ళే రోజుల్లో దురాయి వాళ్ళ పెద్దమ్మ మీద పడింది. పేరమ్మకు తోడబుట్టిన అక్క, పేరు ముసలమ్మ. మొగుడు పోయాక అతని వల ఎవరికి చెందాలన్న తగువులో కాపుల తీర్పు నచ్చక, ఆవిడ నడుచుకుంటూ పోయి పోలీసులకు చెప్పుకుంది. ఊరి తగువు ఊరు దాటించడం మొగకుప్పంలో హత్య కంటే ఒక మెట్టు పైనున్న నేరం. మర్నాటి నుంచి ముసలమ్మ గడపలో ఉన్నా లేనట్టే. పేరమ్మ కూడా అక్క ఇంటి ముందు తల తిప్పుకుని నడిచింది. నడవకపోతే తన గంపకు చేప లేదు, కూతురికి కూడు లేదు.

పిల్ల మాత్రం ఒక సందు కనిపెట్టింది. ముసలమ్మ దడి పక్కన ఎవరిదో మేక కట్టేసి ఉండేది. మేకతో మాట్లాడవద్దని కాపులు అనలేదు. ధనలక్ష్మి బిందె చంకన పెట్టుకుని, దడి ఈ మొదలు నుంచి ఆ చివరకు నడిచేలోపల, ఊళ్ళో సంగతులన్నీ మేకకు చెప్పేది. ఎవరి పడవకు వంజరం పడింది, ఎవరి కోడలు పుట్టింటికి పోయింది, అమ్మకు జ్వరం తగ్గింది, నీ కోసం ఏడుస్తా ఉంది, అన్నీ ఒక్క ఊపిరిలో, ఆగకుండా. ఆగితే ఎవరైనా చూస్తారు. మాటలు గుర్తుండటానికి ప్రాసలు కట్టేది. దడి వెనక ముసలమ్మ చప్పుడు చేయకుండా వినేది. తర్వాత కాలంలో టీవీ వాళ్ళు "మీ గురువెవరు?" అని అడిగితే ఉప్పులచ్చి "మేక" అని జవాబిచ్చింది. మంచి హాస్యమని అందరూ చప్పట్లు కొట్టారు.

రెండు వానాకాలాలు గడిచాక ఒకరోజు దడి వెనక వినే మనిషి లేదు. ముసలమ్మ పోయింది. పాడె మొయ్యొచ్చా లేదా అన్నది కాపులు సభ పెట్టి తేల్చేదాకా శవం ఇంట్లోనే ఉంది. ఎండలో ఆ ఇంటి తలుపు ముందు నిలబడ్డ పిల్లకు ఆ రోజు పట్టుకున్న వణుకు ఇప్పటికీ వదల్లేదు.

కావలి కాలేజీలో చదివేటప్పుడు టైటస్ అనే కుర్రాడు పరిచయమయ్యాడు. లాప్‌టాప్‌లో దరువులు కట్టేవాడు. కాలేజీ వార్షికోత్సవంలో పాడాల్సిన అమ్మాయికి గొంతు పోతే, ఊరికే నిలబడి ఉన్న ధనలక్ష్మిని వేదిక మీదికి తోసేశాడు. ఎదురుగా జనం నిశ్శబ్దంగా చూస్తున్నారు. ఆ నిశ్శబ్దానికి హడలిపోయి ఆమె నోరు తెరిచింది, మళ్ళీ మూయలేదు. ఎవరో ఫోన్లో తీశారు. తర్వాతి కథ అందరికీ తెలిసిందే: వీడియోలు, చెన్నై స్టూడియో, రెండు సినిమాల్లో పాటలు, ఉప్పులచ్చి అన్న పేరు, ఆ పేరుతో టీ షర్టులు.

ఇన్నేళ్ళూ దేనిమీదైనా పాడింది గాని ఊరి జోలికి పోలేదు. కిందటేడు ఏ ధైర్యం పుట్టిందో, 'మేకతో మాట్లాడినా' అనే పాట చేసింది. ముసలమ్మ పేరు, దడి, తలుపు, అన్నీ అందులో ఉన్నాయి. ఊరి పేరు కూడా ఉంది. పాట లక్షలమంది విన్నారు. వాళ్ళలో ఒకరు దురదృష్టవశాత్తు పోలీసు అధికారి. ఆయన మొగకుప్పం వచ్చి, ఇక్కడ వెలి వేయడాలు ఉన్నాయా అని విచారించాడు. పెద్దకాపు ముత్యాలయ్య కూల్‌డ్రింకు ఇచ్చి, అలాంటి అనాగరికం తమ ఊళ్ళో ఏనాడూ లేదని సెలవిచ్చాడు.

ఆ వారమే మేనమామ గంగులయ్య నుంచి ఫోనొచ్చింది.

"అమ్మే, నువ్వు రావాల. సబ పెట్టినారు. రాకపోతే మీ అమ్మ మీద దురాయి ఏస్తారంట."

"మామా, దురాయి లేదని పోలీసులకి చెప్పినారంట కదా?"

"అదే కదా తప్పు! లేనిదాన్ని ఉందని నువ్వు పాడినావు. అందుకే ఏస్తారంట."

ఈ తర్కం విని టైటస్ నవ్వాడు. ధనలక్ష్మి నవ్వలేదు. చెన్నై నుంచి కారులో వస్తున్నంతసేపూ ఆమె కళ్ళముందు తల్లి గంప ఉంది, ఖాళీ గంప. చెన్నైలోనే ఉండిపోయిన టైటస్, అమ్మను ఇక్కడికే తీసుకురావచ్చు కదా అని బయల్దేరేముందు అడిగాడు. అమ్మను ఆమె ఇంతకుముందు తీసుకుపోయింది. పేరమ్మ పండగ చుట్టం మల్లే నాలుగు రోజులు సోఫా అంచున కూర్చుని, ఐదో రోజు బస్సెక్కేసింది.

వలలు బాగుచేసుకునే పాకలో, గంగమ్మ గుడికి ఎదురుగా సభ. కాపులు చాపల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు వెదురు గడ అవతల నిలబడాలి. సభలో ఆడమనిషి నోరెత్తకూడదు. తండ్రి లేని ఆడబిడ్డకు మేనమామే నోరు. ఈ లెక్కన, మాట వేగంలో దక్షిణ దేశమంతటా పేరుమోసిన ఉప్పులచ్చి తరఫున మాట్లాడవలసినవాడు గంగులయ్య. అతను కాపుల ముందు జీవితంలో ఒక వాక్యం మొదలుపెట్టి పూర్తి చేసిన దాఖలా లేదు.

ధనలక్ష్మి గడ పట్టుకుని నిలబడింది. పక్కన పేరమ్మ. పాకనిండా మనుషులు, ఒక్కరూ మాట్లాడటం లేదు. 

ముత్యాలయ్య గొంతు సవరించాడు. "ఒరే గంగులా. మీ మేనకోడలు ఊళ్ళో దురాయుందని లోకమంతా చాటిందా?"

"చాటిందన్నా."

"ఊళ్ళో దురాయి ఉందా?"

గంగులయ్య చుట్టూ చూశాడు. "మీరు ఉందంటే ఉందన్నా. లేదంటే..."

"లేదు."

"అయితే లేదన్నా."

"మరి అబద్దం జెప్పినందుకు ఏం జెయ్యాల?"

వెనక నుంచి ఒక కాపు ఉత్సాహంగా "దురాయి ఎయ్యాల!" అన్నాడు. ముత్యాలయ్య అతని వైపు చూసిన చూపుకి నోరు మూశాడు గాని, మాట బయటపడనే పడింది. ఎవరో దగ్గారు. ఎవరూ నవ్వలేదు.

"ఊరు కనికరం లేంది కాదు," అన్నాడు ముత్యాలయ్య. "ఒకటే మాట. 'ముసలమ్మ మీద ఊరు ఏనాడూ దురాయి ఎయ్యలా, పాట అబద్దం' అని గంగమ్మ ముందర ఆన పెట్టి, అరచేత్తో కర్పూరం ఆర్పు. పాట తీయించు. మీ చెల్లెలి జోలికి ఎవురూ రారు. ఆర్పకపోతే రేపట్నించి పేరమ్మ గంప వట్టి గంపగానే ఉంటాది."

పళ్ళెంలో కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించారు.

ధనలక్ష్మికి తలుపు ముందు నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. ఆ తలుపు వెనక ఈసారి అమ్మ ఉంటుంది. పాట పోతే పోయింది. పెద్దమ్మ ఎలాగూ లేదు. లేనివాళ్ళకు ఏం నొప్పి? ఆమె గడ మీంచి వంగి, పెదాలు కదిలీ కదలకుండా అంది:

"ఆర్పు మామా."

గంగులయ్య విన్నాడు. చెయ్యి చాపాడు. అరచెయ్యి మంట మీదికి వచ్చింది, ఆగింది, వెనక్కి పోయింది. మళ్ళీ చాపాడు. మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు.

"నా వల్ల కాదన్నా."

 ధనలక్ష్మి గడ మీదికి ఇంకా వంగింది. "మామా!" అంది బయటికే. ఆడమనిషి సభలో మాట్లాడింది, అయినా ఎవరూ ఆమె వైపు చూడలేదు.

"ఏరా, మాకే ఎదురు జెప్తావా?" అన్నాడు ముత్యాలయ్య.

"అయ్యయ్యో, మీకెందుకు ఎదురు జెప్తానన్నా, నాకేం పుట్టింది!" గంగులయ్య రెండు చేతులూ జోడించాడు. "మీరంటే నాకు బయమే. దేవుడి మీద ఆన, బయమే. అయితే తెల్లారితే నేను సముద్రంలోకి పోవాల్సింది ఆ తల్లి పైనే కదన్నా. మొన్న గాలికి నా పడవ తిరగబడేది రవంతలో తప్పింది. ఆయమ్మ ముందర అబద్దమాడి, ఆయమ్మ నెత్తిన ఎట్ట పోయేది? మా అక్కని అందరం కలిసే కదా వదిలేసింది. నేను కూడా." తర్వాత ఎంతో మర్యాదగా అన్నాడు: "అన్నా, మాట నీదే కదా. నువ్వు ఆర్పు."

ముత్యాలయ్య సముద్రం మానేసి చాలా కాలమైంది. అతని ముగ్గురు కొడుకులు మాత్రం రోజూ పోతారు. పెద్ద కొడుకు పాక స్తంభానికి ఆనుకుని, తండ్రి కుడిచేతి వైపే చూస్తున్నాడు. ముత్యాలయ్య ఆ చేతిని మెల్లగా ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఇంకెవురన్నా ఆర్పుతారా?" అన్నాడు.

కాపులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇందాక ఉత్సాహపడ్డ కాపుకు చాపలో చూడవలసినది ఏదో కనిపించింది. తుపానులకు వెరవని ఆ మహాసభలో అరచేతులన్నీ ఏకగ్రీవంగా తొడల కింద దాక్కున్నాయి. కర్పూరం తన పని తాను చేసుకుని, చిన్నదై, నీలమై, పళ్ళెంలో నల్లటి మచ్చ మిగిల్చి ఆరిపోయింది.

"ఇంకో బిళ్ళ ఎలిగించమంటారా?" అని పూజారి అడిగాడు.

"అన్నాల ఏళయింది," అన్నాడు ముత్యాలయ్య లేస్తూ.

అలా సభ ముగిసింది. దురాయి పడిందో లేదో ఎవరూ చెప్పలేదు. అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు. దారిపొడుగునా తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. ఎదురొచ్చినవాళ్ళు పేరమ్మను చూసి నవ్వబోయి, మధ్యలో మానుకుని, ఏమీ కానట్టు పక్కకు తప్పుకున్నారు. పడ్డ దురాయి కంటే పడిందో లేదో తెలియని దురాయి ఎక్కువ భయంగా ఉంటుందని ధనలక్ష్మికి ఆ నాలుగు సందుల్లో తెలిసింది.

ఇంట్లో పేరమ్మ కంచంలో అన్నం పెట్టి కూర్చుంది. అడిగింది:

"మామని ఆర్పమన్నావా?"

"నీ కోసమేనమ్మా."

"నీ కోసమని నేనొకసారి మాయక్కతో మాట మానుకున్నా." పేరమ్మ పులుసు గరిటె కంచంలో వంచింది. "ఒకసారి చాలు. తిను."

తెల్లవారి పడవలు వచ్చాయి. పేరమ్మ గంప తీసుకుని ఒడ్డుకు నడిచింది. "నువ్వు రాబాక" అన్నా వినకుండా ధనలక్ష్మి వెనకే వెళ్ళింది. ఇసుకలో నెత్తళ్ళు వెండి రాశిలా పోసి ఉన్నాయి. వేలం పాడించేది పోలేరమ్మ, పేరమ్మ ఈడుది. కొనేవాళ్ళు చుట్టూ మూగారు. పేరమ్మ వచ్చి నిలబడగానే ఆమెకు అటొకరూ ఇటొకరూ ఒక అడుగు జరిగారు. కావాలని జరిగినట్టు లేదు. జరిగారంతే.

పేరమ్మ ధర చెప్పింది. పోలేరమ్మ పలకలేదు. విననట్టు నటించిందో, నిజంగానే వినలేదో ధనలక్ష్మికి అర్థం కాలేదు. పోలేరమ్మ కళ్ళు దూరంగా పడవ నీడలో నిలబడ్డ ముత్యాలయ్య వైపు పోయాయి. ముత్యాలయ్య సముద్రంలోకి చూస్తున్నాడు. ఔనని లేదు, కాదని లేదు.

మళ్ళీ ధర చెప్పింది పేరమ్మ. అలల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.  వేలమంది ముందు ఆపకుండా మాట్లాడిన ధనలక్ష్మి నోట్లో ఇప్పుడు ఒక్క మాట లేదు.

"ఏమే పోలీ, చెవుల్లో ఇసక బోసుకున్నావా?" అంది పేరమ్మ. గంపను రాశి పక్కనే దించింది. "ఎండెక్కతా ఉంది. నెత్తళ్ళు నీ మొగం జూసి ఆగతాయా?"

పోలేరమ్మ ఇంకొకసారి పడవ వైపు చూసింది. ముత్యాలయ్య అక్కడ లేడు. ఎప్పుడు పోయాడో, ఎవరికీ కనిపించకుండా పోయాడు.

"అరవబాక వదినా, ఇనపడింది," అంది పోలేరమ్మ గొణుగుతూ. "నీకే. ఎత్తుకో పో, తొందరగా."

పేరమ్మ దోసిళ్ళతో గంప నింపుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా దగ్గడం, తిట్టుకోవడం, బేరాలాడటం మొదలుపెట్టారు. ధనలక్ష్మి గంప ఎత్తబోతే అది ఒరిగి సగం నెత్తళ్ళు ఇసుకలో పడ్డాయి. తల్లి తిట్టుకుంటూ ఏరింది. ఏరుతూనే, పైకి చూడకుండా అంది:

"ఈ పొద్దుకి అమ్మింది. రేపు ఎట్టుంటాదో. నువ్వు పో. ఆ పాట మాత్తరం తీయబాక."

అప్పుడే టైటస్ ఫోను. సాయంత్రం చెన్నైలో ప్రోగ్రాం, టికెట్లు అయిపోయాయి, ఎక్కడున్నావు అని.

"ప్రోగ్రాం ఆపేయ్," అంది ధనలక్ష్మి. "పాట ఉంచు. నేను రేపు వేలం చూసి వస్తా."

"రేపు బాగుంటే వచ్చేస్తావా?"

ధనలక్ష్మి చుట్టూ చూసింది. గంపలు లేస్తున్నాయి. ఎవరూ ఆమె వైపు చూడటం లేదు.

"ఎల్లుండి కూడా ఉంటాది కదా వేలం," అని ఫోను పెట్టేసి, తల్లి వెనకే నడిచింది.