లిఫ్టు తెర మీద పిడుగు మాట

కళ్ళ డాక్టరు గది నాలుగో అంతస్తులో ఉంది. అత్తయ్యకు మోకాళ్ళు మొరాయిస్తాయి కాబట్టి పెద్దకోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లగా లిఫ్టు ఎక్కించింది. రెండో అంతస్తు దాటిందో లేదో, లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి నిలబడిపోయింది. ఫ్యాను ఆగింది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

"ఏమైందే అమ్మాయ్?" అంటూ అత్తయ్య కోడలి భుజాన్ని ఉడుంపట్టు పట్టింది.

"ఏం కాలేదు అత్తయ్యా, ఇప్పుడే కదులుతుంది," అంటూ కోడలు బటన్ల పైనున్న చిన్న తెర వైపు చూసింది. అంతస్తు అంకె ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు మినుకు మినుకుమంటున్నాయి.

"తలా తోకా లేదు. ఆగాను."

కోడలికి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. నిజానికి అక్కడ ఏదీ కదలడం లేదు, అదే అసలు చిక్కు. ఆమె ఆ మాటలను మళ్ళీ మళ్ళీ చదివింది. ఎన్నిసార్లు చదివినా అవే మాటలు. వాటిని ఎవరు రాశారో, ఏ గదిలో, ఏ కుర్చీలో కూర్చుని రాశారో కూడా ఆమెకు తెలుసు. తాను మొదట పనిచేసిన ఆ కంపెనీ మూతపడి చాలా ఏళ్ళయింది. ఆ మాటలు కూడా దానితోపాటే మట్టిలో కలిసిపోయాయనుకుంది.

"ఏంటే అలా బిగుసుకుపోయావు? తాడు తెగిందా ఏంటి?"

"లేదత్తయ్యా. ఇది... ఇది మా ఆఫీసు మాట."

"మీ ఆఫీసు మాట లిఫ్టుకెందుకే?"

అదే ఆమెకూ అర్థం కాలేదు.

ఆమె చేసే పని ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. కంప్యూటరులో అన్నిటికన్నా అడుగున ఉండి మిగతా అన్నిటినీ నడిపించే భాగాన్ని కెర్నెల్ అంటారు. బయటి నుంచి తీగ మీద వచ్చే సమాచారమంతా చిన్న చిన్న ప్యాకెట్లుగా ముందు దాని గుమ్మంలోనే దిగుతుంది. ప్రతి ప్యాకెట్టుకూ ముందు భాగంలో ఒక హెడర్ ఉంటుంది. తాను ఎక్కడి నుంచి వస్తున్నదీ, ఎవరికి చేరాలన్నదీ, ఎంత పొడవున్నదీ అది చెబుతుంది. ఆ హెడర్‌ను చదివి, అది చెప్పేది నిజమో కాదో తేల్చే కోడు రాయడం ఆమె వృత్తి. పెళ్ళైన కొత్తలో అత్తయ్యకు అర్థమయ్యేలా చెబుదామని, "వచ్చిన ప్రతిదాని తల పట్టుకుని చూస్తానత్తయ్యా," అంది. "అంటే పేలు చూస్తావా?" అని ఆవిడ నిర్ఘాంతపోయింది. చుట్టాలందరికీ ఆ సంగతి పాకిపోవడానికి ఒక్క పూట పట్టింది.

ఆఫీసులో మాత్రం ఆమెను జల్లెడ అనేవాళ్ళు. వచ్చింది వచ్చినట్టు ఏదీ నమ్మేది కాదు. హెడర్ తన పొడవు ఇంత అని చెబితే, ముందు కొలిచి చూసి గానీ లోపల ఒక్క అక్షరం ముట్టుకునేది కాదు. మిగతా ప్రోగ్రాములు తప్పు చేస్తే కెర్నెల్ పట్టుకుంటుంది. కెర్నెలే తప్పు చేస్తే పట్టుకునే నాథుడు ఉండడు. మొత్తం మిషన్ ఉన్నచోటే కొయ్యబారిపోతుంది.

మొదటి ఉద్యోగంలో ఆమె పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయిని అందరూ పిడుగు అనేవాళ్ళు. వాళ్ళిద్దరిదీ ఒకే కంచం ఒకే మంచం అన్నంత స్నేహం. చిన్న చిన్న యంత్రాల్లో పెట్టడానికి ఒక బుల్లి కెర్నెల్‌ను ఇద్దరూ కలిసి రాశారు. హెడర్ తప్పుగా వస్తే ఏం చెయ్యాలన్న దగ్గర వాళ్ళకు చెడింది.

"ఆగిపోవాలి," అంది పిడుగు. "ఆగితేనే కదా ఏం వచ్చిందో చూస్తాం." అలా అని ఊరుకోకుండా, ఆగినప్పుడు తెర మీద పడేలా ఆ తలా తోకా మాట రాసి పెట్టి పకపకా నవ్వింది.

"దొంగ ఉత్తరం ఒకటి వచ్చిందని పోస్టాఫీసుకే తాళం వేస్తామా? దాన్ని పారేసి తరవాతది చూడాలి," అంది జల్లెడ.

మాటా మాటా పెరిగింది. "నీకు తప్పును కళ్ళతో చూడాలంటే భయం. అందుకే పారేస్తానంటావ్," అని పిడుగు అందరి ముందూ అనేసింది. ఆ మాట ముల్లులా దిగింది. జల్లెడ ఆ రోజే లేచి వచ్చేసింది. తన బల్ల మీది కంప్యూటరును ఆపను కూడా ఆపలేదు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు, పిడుగుతో మాట్లాడలేదు.

ఈలోగా లిఫ్టు మెకానిక్ వచ్చి పైనుంచి తలుపు తెరిచి, చేత్తో చక్రం తిప్పి లిఫ్టును అంతస్తు మట్టానికి దించాడు. తెర వంక చూసి తాపీగా నవ్వాడు.

"ఓ, తలాతోకా వచ్చిందా?"

ఆమె గిర్రున అతని వైపు తిరిగింది. "ఇది మీకు ముందే తెలుసా?"

"తెలియకపోవడమేంటి మేడమ్! నేను చూసే లిఫ్టులన్నిట్లోనూ నడిపించే కంప్యూటరు పెట్టె ఇదే. ఎప్పుడైనా ఒకసారి ఇలా మొండికేస్తుంది, ఆపి ఆన్ చేస్తే దారికొస్తుంది. ఇక్కడ గేటు దగ్గర కొత్త కెమెరా పెట్టి దీని తీగకే కలిపినప్పటి నుంచి మాత్రం పొద్దస్తమానం ఇదే గోల."

"అన్ని లిఫ్టుల్లోనా?"

"అన్నిట్లోనూ."

అత్తయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మా కోడలు పేలు చూస్తుంది బాబూ, దీన్ని కూడా చూడమను," అంది. మెకానిక్ ఏమీ అర్థం కాక తల ఊపాడు.

ఇంటికి రాగానే ఆమె అత్తయ్య కళ్ళలో మందు వేసి పడుకోబెట్టి, వసారాలోకి వెళ్ళి ఫోను తీసింది. ఇన్నేళ్ళలో ఫోన్లు ఎన్నో మారాయి గానీ ఆ నంబరును మాత్రం ఎందుకో తీసెయ్యలేదు. అవతల రెండు రింగులకే ఎత్తారు.

"నేనే," అంది జల్లెడ.

"గొంతు మారలేదే నీది," అంది పిడుగు.

జల్లెడ పలకరింపులు పెట్టుకోలేదు. "ఈ రోజు మా అత్తయ్యను లిఫ్టులో ఇరికించావు. తెర మీద నీ మాటే. ఊళ్ళో లిఫ్టులన్నిట్లో ఉందట. నేను మొత్తుకున్నానా లేదా? లోపల గుండెజబ్బు మనిషి ఉండుంటే?"

"ఏ మాట?"

"తలా తోకా లేదు, ఆగాను."

పిడుగు ఆ మాటను తనలో తానే ఒకసారి అనుకుంది.

"కుదరదు. అది ఉండే అవకాశమే లేదు. నేను తీసేశాను కదే."

"ఏంటీ?"

"నువ్వు వెళ్ళిపోయిన వారానికే తీసేశాను. నువ్వు చెప్పినట్టే పారేసి ముందుకెళ్ళేలా మార్చాను. రెండు రోజులు ఆలోచిస్తే నీదే రైటని తెలిసింది. చెబుదామని మీ ఇంటి దాకా వచ్చి, గేటు దగ్గర నుంచే వెనక్కి పోయాను. ఏ మొహం పెట్టుకుని లోపలికొస్తాను?"

జల్లెడ వసారా మెట్టు మీద కూలబడింది. ఇన్నేళ్ళూ ఆ పోట్లాటను మనసులో ఎన్నిసార్లు పోట్లాడిందో లెక్కలేదు. స్నానం చేస్తూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వంటింట్లో గిన్నెలు సర్దుతూ పిడుగుకు జవాబులు చెప్పింది. ఒక్కో జవాబూ ఒక్కో కత్తి. అవతల కత్తి పట్టుకున్న మనిషే లేదని ఇప్పుడు తెలిసింది. ఆమెకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు.

"మరి లిఫ్టులోకి ఎలా వచ్చింది?" అంది.

పిడుగు గుర్తు చేసుకుంటూ చెప్పింది. "కంపెనీ మూసేసి అమ్మేసినప్పుడు కొన్నవాళ్ళు కోడు కావాలన్నారు. నేను ఆ రోజు లేను. మేనేజరు నీ బల్ల మీది కంప్యూటరు మూటగట్టి ఇచ్చేశాడట. జల్లెడ కోడంటే చేతులు కడుక్కుని ముట్టుకోవాలి, అంత శుభ్రం అనేవాడు కదా ఎప్పుడూ! నేను దిద్దింది నా దాంట్లో ఉంది. వాళ్ళు పట్టుకుపోయింది నీ దాంట్లో దిద్దకుండా ఉన్న పాతది."

ఫోను చెవి దగ్గరే ఉంది గానీ జల్లెడకు ఆ తరవాతి మాటలు వినబడలేదు. ఆ రోజు విసురుగా లేచి వచ్చేసిన బల్లా, వెలుగుతూ వదిలేసిన తెరా కళ్ళకు కట్టాయి. ఆగకూడదని అరిచింది తాను. ఆగమని రాసిన కోడు ఊరంతా పాకింది తన బల్ల మీద నుంచే.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మెకానిక్‌ను ఒప్పించి లిఫ్టు కంపెనీ సర్వీసు గదిలో కలుసుకున్నారు. పిడుగు జుట్టు ముక్కాలు మూడొంతులు నెరిసింది. ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు. మెకానిక్ ఒక పెట్టెను బల్ల మీద పెట్టి, ఆ కెమెరాను కూడా విప్పుకొచ్చి తీగ తగిలించాడు. క్షణంలో పెట్టె ఆగిపోయింది. తెర మీద పిడుగు మాట వెలిగింది. దాన్ని రాసిన మనిషి చప్పున మొహం తిప్పుకుంది.

కెమెరా పంపిన ప్యాకెట్టును జల్లెడ ల్యాప్‌టాప్‌లో పరిచి చూసింది. హెడర్ చివర అదనపు సంగతులు కొన్ని వరసగా ఉంటాయి. ఒక్కోటీ తన పొడవు తానే చెప్పుకుంటుంది. అది చదివి, అంత మేర ముందుకు జరిగి తరవాతదాన్ని చూడాలి. ఈ కెమెరా పెట్టిన ఒక సంగతి తన పొడవు సున్నా అంటోంది.

"సున్నా అంటే జరగడానికి లేదు," అంది పిడుగు వంగి చూస్తూ. "అక్కడే నిలబడి అదే మళ్ళీ మళ్ళీ చదవాలి."

"గానుగెద్దు కన్నా అన్యాయం. అది తిరగనైనా తిరుగుతుంది. నీ తనిఖీ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. పట్టుకోవడం వరకూ రైటే."

"ఆగడమే తప్పు," అంది పిడుగు ఆమె వంక చూడకుండా.

ఆగమన్న ఒక్క లైను తీసి, పారెయ్యమని రాశారు. కెమెరాను మళ్ళీ తగిలించారు. పెట్టె ఆ ప్యాకెట్టును విసిరేసి తన పని తాను చేసుకుపోయింది. మెకానిక్ ఈల వేశాడు.

అతని పెద్ద సారు అప్పుడే గదిలోకి వచ్చాడు. సంగతంతా విని సంతోషించి, "ఇంకేం, మావి బాగవుతాయి. మరి మిగతావాళ్ళకు ఎవరు చెబుతారు?" అన్నాడు.

"మిగతావాళ్ళెవరు?" అంది జల్లెడ.

"ఈ పెట్టె లిఫ్టులకొక్కటే అనుకున్నారా? నీళ్ళ పంపులకు అదే. కోల్డ్ స్టోరేజీలకు అదే. రైలు గేట్లకు కూడా అమ్మామని తయారుచేసేవాళ్ళే గొప్పగా చెప్పారు."

పిడుగు టీ గ్లాసును నోటి దాకా తెచ్చి తాగడం మరిచిపోయింది. జల్లెడ దాన్ని మెల్లగా తీసుకుని పక్కన పెట్టింది. ఇద్దరూ ఒకరినొకరు సూటిగా చూసుకోవడం అప్పుడే మొదలు.

"రైలు గేట్లు," అంది పిడుగు గుసగుసగా.

"ముందు వాళ్ళకే ఫోను చేద్దాం. తయారుచేసేవాళ్ళ నంబరు అడుగు," అని జల్లెడ ల్యాప్‌టాప్‌ను ఇద్దరికీ కనబడేలా తిప్పింది. "కుర్చీ ఇటు లాక్కోవే."